హార్మోన్లు మన ఒంట్లో ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. చేతికి పట్టీ బిగించి నరం వెతికే ఆ ఒక్క నిమిషంలోనే జనం అసలు సందేహాలు బయటపెడతారు. డాక్టర్ ముందు మొహమాటపడేవాళ్లు కూడా నన్ను మాత్రం అడిగేస్తారు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటే, వయసుల వారీగా ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్లండి. మందు మొదలుపెట్టడం, ఆపడం మాత్రం డాక్టర్‌ను అడిగే చేయండి.

## మొదటి సందేహాలు

అసలు హార్మోన్ అంటే ఏంది? రక్తంలో ఉంటదా, మెదడులో ఉంటదా?

గ్రంథులు తయారుచేసి రక్తంలోకి వదిలే రసాయనమే హార్మోన్. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ, మెడ ముందు సీతాకోకచిలుకలా థైరాయిడ్, పొట్ట వెనక క్లోమం, కిడ్నీల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు, ఆడవాళ్లలో అండాశయాలు, మగవాళ్లలో వృషణాలు దీన్ని తయారుచేస్తాయి. రక్తంతో పాటు హార్మోన్ ఒళ్లంతా తిరుగుతుంది, కానీ దాన్ని అందుకునే గ్రాహకాలున్న కణాలే దాని మాట వింటాయి. ఊరంతా డప్పు కొట్టి చాటినా, పని ఉన్నవాళ్లే పంచాయతీ ఆఫీసుకు పోతారు కదా, అట్లా. మోతాదు మాత్రం చాలా చిన్నది. కొన్నింటిని మేం నానోగ్రాముల్లో కొలుస్తాం, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. 'హార్మోన్' అనే మాటను 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు.

"హార్మోన్ ఇంబ్యాలెన్స్" అన్నరు. అదేం జబ్బు?

అది జబ్బు పేరు కాదు. "బండి ఖరాబైంది" అన్నంత మాట. టైరా, ఇంజనా, పెట్రోలు అయిపోయిందా అన్నది అందులో తెలియదు. మన ఒంట్లో యాభైకి పైగా హార్మోన్లున్నాయి. ఎవరైనా ఆ మాట అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఏ హార్మోన్? ఎక్కువైందా, తక్కువైందా? ఏ రిపోర్టులో తేలింది? మూడింటికీ జవాబు లేకపోతే, వాళ్లు రాసిచ్చే పొడులకూ ప్యాకేజీలకూ డబ్బు పెట్టకండి.

హార్మోన్ టెస్టులకు పరగడుపునే రావాల్నా?

అన్నింటికీ అక్కర్లేదు. థైరాయిడ్‌కు తిని రావచ్చు, కానీ పొద్దున పూట, ఆ రోజు గోలీ వేసుకోకముందు ఇస్తే మంచిది. ఫాస్టింగ్ షుగర్‌కు మాత్రం 8 గంటలు ఏమీ తినకూడదు. చాయ్ కూడా తాగొద్దు. "చక్కెర లేని చాయే తాగిన" అని రోజుకు ఒక్కరైనా చెబుతారు, వాళ్లను మరునాడు రమ్మనాల్సిందే. అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతాయి కాబట్టి 8 గంటల ప్రాంతంలో రావాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండాశయాలను నడిపే పిట్యూటరీ హార్మోన్లు) టెస్టులు సాధారణంగా నెలసరి మొదలైన రెండో రోజో మూడో రోజో చేస్తారు.

ఇంకో మాట. జుట్టు ఊడకుండా వేసుకునే గోలీల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. కొన్ని మెషీన్లలో అది థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపి రండి. ఈ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాన్ని మందని ఎవరూ అనుకోరు.

## పసిపిల్లలు, బడి పిల్లలు

పుట్టిన మూడో రోజే పాప మడమకు సూది గుచ్చి రక్తం తీసిన్రు. అంత చిన్నదానికి ఎందుకు?

పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని పిల్లలను పట్టుకోవడానికి. మన దేశంలో దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. బిడ్డ చూడటానికి బాగానే ఉంటుంది, పాలు తాగుతుంది, ఎక్కువ నిద్రపోతుంది. "మా పాప అస్సలు ఏడవదు, బంగారం" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. థైరాయిడ్ హార్మోన్ లేకపోతే మెదడు ఎదగదు, ఆలస్యమైతే ఆ నష్టం మళ్లీ పూడదు. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే పిల్లలు మామూలుగా చదువుకుంటారు, ఆడుకుంటారు. మీ దవాఖానాలో ఈ టెస్టు చేయకపోతే అడిగి చేయించండి.

మా బాబు క్లాసులో అందరికంటే పొట్టి. హైట్ ఇంజెక్షన్ ఇప్పిస్తే పెరుగుతడా?

ముందు మూడు నాలుగు నెలలకోసారి గోడకు గీత గీసి తేదీ రాయండి. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఈడొచ్చేదాకా ఏడాదికి 5 సెంటీమీటర్ల అటూ ఇటూ పెరుగుతారు. 4 కూడా పెరగకపోతే డాక్టర్‌కు చూపించాలి. తల్లిదండ్రులు పొట్టివాళ్లయి, బాబు తన లెక్కలో తాను సరిగ్గా పెరుగుతుంటే అది జబ్బు కాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, పేగు జబ్బుల వల్ల కూడా ఎదుగుదల ఆగుతుంది, ముందు అవి చూస్తారు. గ్రోత్ హార్మోన్ నిజంగా తక్కువున్న పిల్లలకు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, కానీ ఎముకల చివర్లు మూసుకుపోకముందే ఇవ్వాలి. అందుకే ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. టీవీలో చూపించే హైట్ పొడులతో ఎవరూ పొడుగవ్వరు.

సూది వేసి పిండిన బర్రె పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతరట, నిజమేనా?

ఆ సూదిలో ఉండేది ఎక్కువగా ఆక్సిటోసిన్. పొదుగులో ఉన్న పాలను కిందికి దింపుతుంది, అంతే. అది తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న ముక్క, మన కడుపులో పప్పులోని ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది. ఈడు రావడానికి కారణమయ్యే హార్మోన్లు వేరు. పిల్లలు త్వరగా ఈడేరడానికీ ఒళ్లు పెరగడానికీ ఉన్న సంబంధమే ఇంతకంటే గట్టిది. అట్లాగని సూది వేయడం సరైందేమీ కాదు. పాల కోసం పశువుకు ఇంజెక్షన్ ఇవ్వడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. దూడ చనిపోయిన బర్రెకు రోజూ రెండు పూటలా సూది పొడవడం చూసినవాళ్లకు ఆ పాలు తాగబుద్ధి కాదు, అది వేరే సంగతి.

బ్రాయిలర్ కోళ్లకు హార్మోన్ ఇస్తరంట కదా?

ఇవ్వరు. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగడానికి కారణం ఆ కోడి జాతి, దాణా. కోళ్లకు గ్రోత్ హార్మోన్ నోటితో ఇస్తే పనిచేయదు, షెడ్డులోని వేల కోళ్లకు ఒక్కొక్కదానికీ మళ్లీ మళ్లీ సూది వేయడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు. భయపడాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది కూడా. నాటుకోడి రుచి కోసం తినండి, హార్మోన్ భయంతో కాదు.

## ఈడొచ్చే వయసు

మా పాపకు ఏడేళ్లే, అప్పుడే ఛాతీ మొదలైంది. ఏం చేయాలె?

ఆడపిల్లల్లో 8 ఏళ్లలోపు, మగపిల్లల్లో 9 ఏళ్లలోపు ఈడు లక్షణాలు వస్తే డాక్టర్‌కు చూపించాలి. పిట్యూటరీ ముందే మేల్కొందా, అండాశయంలోనో అడ్రినల్‌లోనో ఏదైనా ఉందా అని చూస్తారు. చాలామంది ఆడపిల్లల్లో ఏ పెద్ద కారణమూ దొరకదు. ఆలస్యం చేస్తే మాత్రం ఎముకలు ముందే ముదిరి ఎత్తు ఆగిపోతుంది. అవసరమైతే ఈడును కొన్నేళ్లు ఆపి ఉంచే ఇంజెక్షన్లున్నాయి. బంధువులకు చెప్పి ఫంక్షన్ హాలు మాట్లాడే తొందర కంటే ఈ తొందర ముఖ్యం. దీనికి అటువైపు, 15 ఏళ్లు నిండినా నెలసరి రాకపోతే అది కూడా చూపించాల్సిందే.

తొమ్మిదో తరగతి చదివే మా కొడుకుకు ఛాతీ ఉబ్బింది. అంగీ విప్పుతలేడు, బడికి పోనంటున్నడు.

ఈ వయసులో ఇది మామూలే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ రెండూ పెరిగే రోజుల్లో వాటి లెక్క కొంతకాలం తప్పుతుంది. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. గట్టిగా పెరుగుతుంటే, నొప్పి ఉంటే, చనుమొన నుంచి నీరు కారితే చూపించండి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తి నవ్వకుండా చూడండి.

జిమ్ ట్రైనర్ ఇంజెక్షన్ తీసుకోమంటున్నడు. తీసుకోవచ్చా?

వద్దు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే "ఇక్కడ సరుకు సరిపోయింది" అని మెదడు వృషణాలకు పని ఆపిస్తుంది. కండ పెరుగుతుంది, వీర్యకణాలు పడిపోతాయి, వృషణాలు చిన్నవవుతాయి. కొందరికి వీర్య పరీక్షలో ఒక్క కణం కూడా కనబడదు. సూదులు ఆపాక చాలామందికి తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

పీసీఓడీ అన్నరు. పిల్లలు పుట్టరా ఇంక?

పుడతారు. ఇందులో అండం నెలనెలా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు కాస్త ఎక్కువై గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు రావడం ఉంటాయి. స్కానింగ్‌లో కనిపించేవి గడ్డలు కావు, ఎదగకుండా ఆగిన అండాల సంచులు. చాలామందిలో దీని వెనక ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం ఉంది. అందుకే బరువు ఎక్కువున్నవాళ్లు ఐదు నుంచి పది శాతం తగ్గినా నెలసరి గాడిన పడుతుంది. 70 కిలోలుంటే నాలుగైదు కిలోలు, కొండంత పని కాదు. సన్నగా ఉన్నవాళ్లకూ పీసీఓడీ వస్తుంది, వాళ్లను కడుపు మాడ్చుకోమనడం తప్పు. పెళ్లయితే అదే పోతుందన్నది అబద్ధం.

## పెళ్లి, కాన్పు

మేడారం జాతర టైముకే నెలసరి డేట్ ఉంది. గోలీ వేసుకోవచ్చా?

జాతరకు ముందు, బతుకమ్మకు ముందు మెడికల్ షాపుల్లో ఎక్కువమంది అడిగేది ఈ గోలీయే. అందులో ఉండేది నోరెథిస్టిరాన్, ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు. ఆ హార్మోన్ పడిపోతేనే గర్భసంచి లోపలి పొర ఊడి నెలసరి అవుతుంది. గోలీ వేసుకున్నన్నాళ్లు పొర నిలబడుతుంది, ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ వస్తుంది. డేట్‌కు మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి, మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అప్పుడప్పుడూ ఒకసారైతే చాలామందికి ఇబ్బంది రాదు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, గర్భం ఉందేమో అనుమానం ఉన్నవాళ్లు వాడకూడదు. అందుకే షాపులో కాకుండా డాక్టర్ దగ్గర ఒక్క మాట అడగండి.

నాకు షుగర్ లేదు, మా ఇంట్లో ఎవ్వరికీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ టెస్టు ఎందుకు?

మాయ తయారుచేసే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌కు అడ్డం పడతాయి. బిడ్డకు గ్లూకోజ్ బాగా అందాలని ఒళ్లు చేసుకున్న ఏర్పాటు అది. కొందరిలో క్లోమం ఆ అదనపు పని చేయలేకపోతుంది. టెస్టు తేలిక: 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తాం. 140 గానీ, ఆపైన గానీ ఉంటే గర్భంలో షుగర్ అంటారు. మొదటిసారి దవాఖానాకు పోయినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేస్తారు. తాగాక వాంతి వస్తే దాచకండి, చెప్పండి. కాన్పు తర్వాత తగ్గినా ముందుముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి.

కడుపు పండింది. థైరాయిడ్ గోలీ వేడి చేస్తదని మా అత్తమ్మ ఆపమంటున్నది.

ఆపకండి. మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి హార్మోనే దిక్కు. గర్భం అని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పండి, చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది. వీలైతే అత్తమ్మను కూడా వెంట తీసుకుపోండి. డాక్టర్ నోటి నుంచి వింటే ఇంట్లో పంచాయితీ ఉండదు.

కాన్పయినంక ఊరికెనే ఏడుపొస్తుంది. గాలి సోకిందంటున్నరు.

మాయ బయటికి వచ్చాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండు మూడు రోజుల్లో పాతాళానికి పడిపోతాయి. దానికి నిద్రలేమి తోడవుతుంది. మొదటి పది రోజుల్లో ఏడుపు, చిరాకు చాలామందికి ఉండేవే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, చనిపోవాలనిపిస్తే అది డిప్రెషన్, వెంటనే వైద్యం కావాలి. కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ కూడా అదుపు తప్పుతుంది, కాబట్టి థైరాయిడ్ టెస్టు టీఎస్‌హెచ్ చూపించుకోండి.

## నడివయసు

రిపోర్టులో టీఎస్‌హెచ్ పక్కన 'ఎక్కువ' అని ఉంది. డాక్టరేమో థైరాయిడ్ తక్కువ అన్నడు. ఏది నిజం?

రెండూ నిజమే. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, థైరాయిడ్‌ను పనిచేయమని పిట్యూటరీ పంపే హుకుం. కూలీలు బాగా పనిచేస్తుంటే మేస్త్రీ గొంతెత్తడు. పని నెమ్మదిస్తే కేకలు పెరుగుతాయి. టీఎస్‌హెచ్ పెరిగిందంటే మేస్త్రీ అరుస్తున్నాడని అర్థం, అంటే గ్రంథి తక్కువ పనిచేస్తోంది. చాలా ల్యాబుల్లో పెద్దవాళ్లకు 0.4 నుంచి 4 లేదా 5 దాకా మామూలు. 6, 7 వచ్చిన ప్రతి ఒక్కరికీ గోలీ అక్కర్లేదు. ఒక్కోసారి కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు.

థైరాయిడ్ గోలీ రోజూ వేసుకుంటున్నా తగ్గుతలేదు. మందు పనిచేస్తలేదా?

ఎట్లా వేసుకుంటున్నారో చెప్పండి. ఒకామె మూడుసార్లు టెస్టుకు వచ్చింది, ప్రతిసారీ టీఎస్‌హెచ్ 12 దాటింది. డోసు పెంచుతూ పోయారు. నాలుగోసారి సూది తీస్తూ అడిగితే చెప్పింది: "పొద్దుగాల చాయ్‌తోనే వేసుకుంట సార్, దాంతోపాటే రక్తం గోలీ, కాల్షియం గోలీ. అన్నీ ఒక్కసారే అయిపోతయ్ కదా." అయిపోయింది మందే. పాలు, చాయ్, ఐరన్, కాల్షియం ఈ గోలీలోని థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటాయి.

పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకండి. ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల తేడా ఉండాలి. డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్లీ టెస్టు చేయించండి, వారానికే వస్తే డబ్బు దండగ. రిపోర్టు నార్మల్ వచ్చిందని సొంతంగా ఆపడం ఇంకో తప్పు. నార్మల్ వచ్చింది గోలీ వల్లనే.

థైరాయిడ్ ఉంటే క్యాబేజీ తినొద్దా? ఏ ఉప్పు వాడాలె?

వండిన క్యాబేజీ, గోబీ మామూలుగా తినొచ్చు. ఉప్పు అయోడిన్ కలిసిందే వాడండి. అయోడిన్ లేకపోతే గ్రంథి హార్మోన్ తయారుచేయలేదు, ఉబ్బి మెడకు గడ్డ అవుతుంది. దేశంలో ఈ గడ్డ (గాయిటర్) నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. ఇప్పుడు పట్నాల్లో కనిపించే థైరాయిడ్ ఎక్కువగా అయోడిన్ వల్ల కాదు, మన రోగనిరోధక శక్తే గ్రంథి మీద పడటం వల్ల వచ్చేది.

సింగరేణిలో నైట్ షిఫ్టు. పగలు పడుకున్నా నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది. హార్మోన్లేనా?

చాలావరకు అవే. చీకటి పడితే మెలటోనిన్ పెరిగి నిద్ర తెస్తుంది. తెల్లవారుజామున కార్టిసాల్ పెరిగి లేపుతుంది, షుగర్‌ను కూడా పైకి తోస్తుంది. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు మారుతూ పోతే ఈ గడియారం స్థిరపడేలోగానే మళ్లీ మారుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చేవాళ్లకు నేను చెప్పేది: షిఫ్టు దిగాక ఎండ కళ్లలో పడకుండా నల్లద్దాలు పెట్టుకోండి, గది పూర్తిగా చీకటి చేయండి, నడిరాత్రి కడుపునిండా అన్నం తినకండి. ఫోన్ సంగతి మీకే తెలుసు.

ఇన్సులిన్ మొదలుపెడితే ఇంక చచ్చేదాకానా?

టైప్ 1 వాళ్లకు అవును, వాళ్ల క్లోమంలో ఇన్సులిన్ తయారు కాదు. 1922లో టొరంటోలో మొదటిసారి మనిషికి ఇచ్చేదాకా ఆ పిల్లలు బతికేవాళ్లే కాదు. టైప్ 2లో అట్లా కాదు. ఆపరేషనప్పుడు, ఇన్ఫెక్షన్‌లో, గర్భంలో కొన్నాళ్లు ఇచ్చి ఆపుతారు. చాలా ఏళ్ల షుగర్‌లో క్లోమం అలిసిపోతే మాత్రం కొనసాగించాలి. అది ఆఖరి మందు కాదు, ఒంట్లో ఉండాల్సిన హార్మోనే.

ఇంట్లో ఫ్రిజ్ లేదు. మే నెలలో ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలె?

పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, దానిలో మూతున్న చిన్న కుండ పెట్టి, అందులో సీసాను డబ్బాలో ఉంచండి. గాలి ఆడే నీడలో పెట్టి ఇసుకను రోజూ తడపండి. మన ఎండలకు బయట 44 డిగ్రీలున్నా లోపల బాగా చల్లగా ఉంటుంది. తెరిచిన సీసా మామూలుగా 28 రోజులే వాడాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐస్ డబ్బాకు ఆనించి పెట్టొద్దు.

ఊర్లె ఆర్‌ఎంపీ సూది వేస్తే మోకాళ్ల నొప్పులు మాయమైనయ్. అదేం మందు?

చాలాసార్లు స్టెరాయిడ్. మన అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్‌కు అన్నలాంటిది. మా అమ్మ రెండేళ్లు వేయించుకుంది, నేను ఇదే పనిలో ఉండి కూడా కనిపెట్టలేదు. ముఖం గుండ్రంగా అయితే "ఒళ్లు చేసింది" అనుకున్నాం. షుగర్ వచ్చాక, చర్మం కాగితంలా పల్చబడి చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతుంటే అప్పుడు అర్థమైంది. ఇట్లాంటి సూదులు చాలాకాలం తీసుకుంటే సొంత అడ్రినల్ నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, డాక్టర్ చేతుల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, ఆస్తమాలో, కొన్ని కీళ్లవాతాల్లో ప్రాణదాత. పేరు చెప్పకుండా వేసేదే ప్రమాదం. సూది వేసే ముందు మందు పేరు చీటీ మీద రాయమనండి.

## నెలసరి ఆగే కాలం, ఆ తర్వాత

ఒక్కసారిగా మొఖం మండి చెమటలు పడుతున్నయ్. బీపీనా?

బీపీ చూపించండి, కానీ 45 దాటి నెలసరి తప్పుతూ ఉంటే ఇవి మెనోపాజ్ ఆవిర్లు కావచ్చు. ఈస్ట్రోజన్ పడిపోతే మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం చిన్న తేడాకే బెదిరిపోతుంది. ఏడాదిపాటు నెలసరి రాకపోతే మెనోపాజ్ అయినట్టు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. ఆవిర్లు మరీ ఇబ్బంది పెడితే మందులున్నాయి, ఓర్చుకోవాల్సిన పని లేదు. ఆగిన ఏడాది తర్వాత మళ్లీ చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకండి, అది నెలసరి తిరిగి రావడం కాదు.

గర్భసంచి తీసేస్తే హార్మోన్లు కూడా పోతయా?

గర్భసంచి పోతే నెలసరి, గర్భం ఉండవు. ఈస్ట్రోజన్ తయారుచేసేవి అండాశయాలు. అవి ఉంచితే హార్మోన్లు నడుస్తూనే ఉంటాయి, మెనోపాజ్ కాస్త ముందు రావచ్చు. రెండూ తీసేస్తే మాత్రం ఆపరేషన్ రోజే మెనోపాజ్. చిన్న వయసులోనే ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెకు ముప్పు ముందే మొదలవుతాయి.

దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగేచోట్ల రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతుందని, "ఉంచితే క్యాన్సర్ అయితది" అన్నారని, పిల్లలు పుట్టారు కదా ఇంకెందుకని తీయించుకున్నవాళ్లను నేను వారానికొకరిని చూస్తాను. పత్తి ఏరడానికి పోయే ఒక అక్క నడుంనొప్పికి కాల్షియం టెస్టుకు వచ్చింది. వయసు 36. "అండాశయాలు ఉంచారా, తీశారా?" అంటే "ఏమో బిడ్డా, సంచి తీసిన్రు" అంది. ఎనిమిదేళ్ల కిందటి కాగితాలు బట్టల షాపు కవర్లో మడతపెట్టి తెచ్చింది. డిశ్చార్జి చీటీలో ఆపరేషన్ పేరు దగ్గర 'ఊఫరెక్టమీ' అని ఉంది. అంటే అండాశయాలూ తీశారు. ఆ సంగతి ఆమెకు ఎనిమిదేళ్లు ఎవరూ చెప్పలేదు.

మీ కాగితాల్లో ఆ మాట ఉందేమో చూడండి, లేదా చదివినవాళ్లతో చూపించండి. 45లోపే అండాశయాలు పోతే, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేనివాళ్లకు మెనోపాజ్ సహజంగా వచ్చే వయసుదాకా హార్మోన్ మందు ఇస్తారు. ఎముకల స్కాన్ కూడా అడగండి. ఇంకా ఆపరేషన్ కానివాళ్లు సంతకం పెట్టేముందు అడగాల్సింది: ఎందుకు తీస్తున్నారు, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా? తెల్లబట్టకు గోలీలున్నాయి.

మగవాళ్లకు కూడా మెనోపాజ్ ఉంటదా?

ఆడవాళ్లకు ఆగినట్టు ఒక్కసారిగా ఆగదు. టెస్టోస్టిరాన్ ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది. పొట్ట, షుగర్, తాగుడు అలవాటు ఉంటే త్వరగా తగ్గుతుంది. ఒక్క రిపోర్టు చూసి తక్కువ అనుకోకూడదు, పొద్దున పూట రెండుసార్లు చేయించాలి. ఈ టెస్టుకు వచ్చే మగవాళ్లు గొంతు తగ్గించి, పక్క కుర్చీ ఖాళీ అయ్యాక అడుగుతారు. గట్టిగానే అడగండి, దాంట్లో సిగ్గేమీ లేదు. రిపోర్టు మాత్రం మీ చేతికే ఇస్తాం.